పురుగు నోరు కట్టే వేప అణువు

2021 చివర్లో గుంటూరు, పల్నాడు, ప్రకాశం ప్రాంతాల మిరప తోటల్లో పువ్వు విప్పి చూస్తే లోపల నల్లని సన్నని పురుగులు కుప్పగా కనిపించేవి. మిల్లీమీటరుకు అటూ ఇటూగా ఉండే ఈ నల్ల తామరపురుగు ఆగ్నేయాసియాది. మన దేశంలో దీన్ని మొదట గుర్తించింది 2015లో, బెంగళూరులో, బొప్పాయి మీద. ఆరేళ్లకు అది మిరప మీద విరుచుకుపడింది. పూత రాలింది, కాయ పట్టలేదు, ఎందరో రైతులు పచ్చని తోటలను పీకి పారేశారు. దుకాణంలో దొరికిన మందులన్నీ ఒకదాని తర్వాత ఒకటి కొట్టి చూశారు. గుంటూరు దగ్గరి లాం ఫారం వ్యవసాయ పరిశోధనా స్థానం శాస్త్రవేత్తలు ఇచ్చిన సలహాల్లో నీలి రంగు జిగురు అట్టలతో పాటు వేప మందు కూడా ఉంది. ఆ మాట విన్న రైతుకు సహజంగా వచ్చే సందేహం ఒక్కటే: ఇంత ఖరీదైన మందులకే చావని పురుగు వేపకు చస్తుందా?

వెంటనే చావదు. వేప మందు మొదటి పని పురుగును తిననివ్వకపోవడం. చంపడానికీ తిననివ్వకపోవడానికీ మధ్య ఉన్న ఈ తేడా అర్థం కాకపోవడం వల్లే వేప మందు మీద అతి నమ్మకమూ, అపనమ్మకమూ రెండూ పెరిగాయి. దీనికి తోడు మరో చిక్కుముడి ఉంది. మొక్క నుంచి వచ్చినదంతా మంచిదనీ, ల్యాబులో తయారైనదంతా విషమనీ ఒక లెక్క స్థిరపడిపోయింది. వేప గింజలో అసలు పని చేసే అణువును ల్యాబులో అచ్చంగా తయారు చేయడానికి ఒక బృందానికి 22 ఏళ్లు పట్టింది. అలా తయారైన పదార్థాన్ని ఏ పొలంలోనూ చల్లలేరు. మరి ఎందుకు చేశారు? దానివల్ల మన మిరప తోటకు, వరి చేనుకు తెలిసింది ఏమిటి? దుకాణంలో సీసా చేతికి తీసుకున్నప్పుడు ఏమి చూడాలి? వీటిని ఒక్కొక్కటిగా విడదీసి చూద్దాం.

మిడతలు వదిలేసిన చెట్టు

వేప చేదును మన వాళ్లు ఎప్పటి నుంచో వాడుతున్నారు. ధాన్యం గాదెల్లో, బట్టల పెట్టెల్లో ఎండు వేపాకు వేయడం తెలియని ఇల్లు లేదు. శాస్త్రం దాని వెంట పడటానికి మాత్రం మిడతల దండు కావలసి వచ్చింది. 1959లో సూడాన్‌లో జర్మన్ కీటక శాస్త్రవేత్త హైన్రిక్ ష్ముటరర్ ఒక దండు పచ్చదనాన్నంతా మేసి వేప చెట్లను మాత్రం వదిలి వెళ్లడం చూశాడు. 1962లో ఢిల్లీ మీదికి మిడతలు వచ్చినప్పుడు భారత వ్యవసాయ పరిశోధనా సంస్థలో ఎస్. ప్రధాన్ బృందం వేప పప్పు పొడిని 0.1 శాతం మోతాదులో నీళ్లలో కలిపి నిలబడి ఉన్న పైర్ల మీద చల్లింది. మిడతలు వాలాయి కానీ తినలేదు. ఈ పని మన దేశంలోనే, అంత తక్కువ మోతాదుతో, అంత స్పష్టంగా జరిగిందన్న సంగతి మన పాఠ్యపుస్తకాల్లో ఉండవలసింది.

అంతకు ముందే, 1942లో, రసాయన శాస్త్రవేత్త సలీముజ్జమాన్ సిద్దిఖీ వేప నూనె నుంచి నింబిన్ వంటి చేదు పదార్థాలను వేరు చేశాడు. అయితే మన నాలుకకు చేదుగా ఉన్నదే పురుగును ఆపుతుందని అనుకోవడానికి లేదు. అసలు అణువు బయటపడింది 1968లో. ఇంగ్లండ్‌లోని కీల్ విశ్వవిద్యాలయంలో బటర్‌వర్త్, మోర్గాన్ అనే ఇద్దరు రసాయన శాస్త్రవేత్తలు వేప గింజల సారాన్ని భాగాలుగా విడదీస్తూ, ప్రతి భాగాన్నీ ఎడారి మిడతలకు పెట్టి చూశారు. మిడత తినని భాగాన్ని మళ్లీ విడదీశారు. అలా మిడత నోటినే కొలబద్దగా చేసుకుని పట్టుకున్న పదార్థానికి వేప శాస్త్రీయ నామం నుంచే అజాడిరాక్టిన్ అని పేరు పెట్టారు.

రుచి చూసి వెనక్కి తగ్గే పురుగు

గొంగళిపురుగు నోటి దగ్గర, దవడకు పక్కగా, ఇరువైపులా రెండేసి సన్నని మొనలు ఉంటాయి. సూక్ష్మదర్శినిలో తప్ప కనిపించవు. ఒక్కో మొనలో నాలుగు రుచి నాడీకణాలు. వాటిలో ఒకటి చక్కెర తగలగానే స్పందిస్తుంది. అది ‘తిను’ అన్న సంకేతం. ఇంకొకటి వద్దనవలసిన పదార్థాలకు స్పందిస్తుంది. ఆకు కొరికే ముందు పురుగు ఈ మొనలను ఆకుకు ఆనిస్తుంది. అజాడిరాక్టిన్ తగిలితే వద్దనే కణం గట్టిగా స్పందిస్తుంది. కొన్ని జాతుల్లో చక్కెర కణం స్పందన కూడా తగ్గిపోతుంది. ఆకులో చక్కెర ఎంత ఉన్నా పురుగుకు అది తిండిగా తోచదు. ఎదురుగా ఆకు ఉండగానే పస్తు ఉంటుంది.

దీన్ని కొలిచే పద్ధతి చాలా తేలికైనది, ఏ వ్యవసాయ కళాశాల విద్యార్థి అయినా చేయగలిగినది. ఆముదం ఆకు నుంచో క్యాబేజీ ఆకు నుంచో ఒకే కొలతలో గుండ్రటి ముక్కలు కత్తిరిస్తారు. ఒక ముక్కను పరీక్షించాల్సిన ద్రావణంలో ముంచి ఆరబెడతారు. రెండో ముక్కను ఆ పదార్థం లేని ద్రావణంలో ముంచి ఆరబెడతారు. గాజు పళ్లెంలో తడి వడపోత కాగితం పరిచి, రెండు ముక్కలనూ ఎదురెదురుగా పెట్టి, కొన్ని గంటలు పస్తు పెట్టిన పొగాకు లద్దె పురుగును మధ్యలో వదులుతారు. కొంతసేపటి తర్వాత ఏ ముక్క ఎంత తగ్గిందో కొలుస్తారు. మామూలు ముక్కలో 80 చదరపు మిల్లీమీటర్లు, మందు ముక్కలో 20 తిన్నదనుకుందాం. తేడా 60, మొత్తం 100. కాబట్టి తిననివ్వని శక్తి 60 శాతం. రెండూ సమానంగా తింటే సున్నా.

ఇక్కడ ఒక మెలిక ఉంది. పురుగుకు రెండో ముక్క అందుబాటులో లేకపోతే ఏమవుతుంది? అన్నీ మందు పూసిన ముక్కలే పెట్టి చూస్తే, మొదటి పరీక్షలో గొప్పగా కనిపించిన చాలా పదార్థాలు తేలిపోతాయి. ఆకలి ముదిరాక పురుగు తినేస్తుంది. పొలం ఈ రెండో పరీక్ష లాంటిదే. మొక్క మొక్కకూ మందు కొట్టి ఉంటుంది, పక్కన వేరే తిండి ఉండదు. అందుకే ఒక పత్రికలో ‘90 శాతం నివారణ’ అని కనిపిస్తే, ఆ పురుగుకు ఎంచుకునే వీలు ఇచ్చి చేసిన పరీక్షా, ఇవ్వకుండా చేసినదా అని ముందు చూడాలి.

అజాడిరాక్టిన్ విలువ ఇక్కడే బయటపడుతుంది. ఆకలికి తట్టుకోలేక పురుగు కాస్త తిన్నా, లోపలికి వెళ్లిన అణువు కుబుసం విడిచే హార్మోన్ల క్రమాన్ని దెబ్బతీస్తుంది. పిల్ల పురుగు తర్వాతి దశకు వెళ్లలేదు. పాత చర్మంలోనే చిక్కుకుని, కొన్ని రోజులకు చస్తుంది. మందు కొట్టిన మర్నాడు తోటలో పురుగు కదులుతూ కనిపించిందంటే మందు పని చేయలేదని అర్థం కాదు.

అయితే అన్ని పురుగులూ ఒకేలా వెనక్కి తగ్గవు. ఎడారి మిడత లీటరు నీటిలో ఒక మిల్లీగ్రాములో ఇరవయ్యో వంతు, అంటే 0.05 పీపీఎం దగ్గరే తినడం మానేస్తుంది. ఉత్తర అమెరికా పొలాల్లో ఉండే ఒక మిడత జాతి 1000 పీపీఎం దాకా పెట్టినా తింటూనే ఉంటుంది. రెండూ మిడతలే. కాబట్టి లద్దె పురుగు మీద వచ్చిన ఫలితాన్ని తామరపురుగుకు అంటగట్టడం తప్పు. ఒకటి ఆకు నమిలేది, రెండోది గీకి రసం పీల్చేది. రెండూ రుచి చూసే తీరు కూడా వేరు.

22 ఏళ్లు, 71 దశలు

ఇంత శక్తిగల అణువును ల్యాబులో తయారు చేస్తే వేప చెట్టుతో పని ఉండదు కదా అని 1970ల నుంచే ఆలోచన ఉంది. మొదట దాని రూపమే అంతు చిక్కలేదు. 1975లో ప్రకటించిన నిర్మాణంలో తప్పులు ఉన్నాయి. ఇంగ్లండ్, జర్మనీ, అమెరికా బృందాల పనితో 1980ల మధ్యలో గానీ సరైన రూపం స్థిరపడలేదు. అణువులో 35 కర్బన, 44 హైడ్రోజన్, 16 ఆక్సిజన్ పరమాణువులు ఉన్నాయి. కేవలం సంఖ్య చూస్తే భయపడవలసింది లేదు. చిక్కంతా అమరికలో ఉంది. అందులో 16 కర్బన పరమాణువులు కుడివైపుకైనా ఎడమవైపుకైనా తిరిగి ఉండగలవు. ఎడమ కాలి చెప్పులో కుడి కాలు ఎలా ఇమడదో, తప్పు వైపుకు తిరిగిన అణువు పురుగు రుచి కణంలో అలాగే ఇమడదు. 16 చోట్ల రెండేసి అవకాశాలంటే 65,536 రూపాలు. చెట్టు ప్రతిసారీ వాటిలో ఒక్కదాన్నే తయారు చేస్తుంది.

మన మిరప ఘాటుతో పోల్చి చూస్తే ఈ కష్టం తెలుస్తుంది. మిరపలో మండే కాప్సైసిన్ కూడా మొక్క ఆత్మరక్షణ కోసం చేసుకున్నదే. అందులో 18 కర్బన పరమాణువులే, కుడి ఎడమ తిరిగే చోటు ఒక్కటీ లేదు. 1930లోనే స్పేత్, డార్లింగ్ అనే ఇద్దరు దాన్ని ల్యాబులో తయారు చేసేశారు. మిరప దాన్ని కాయ లోపల గింజలు అంటుకుని ఉండే తెల్లని ఈనెలో తయారు చేసుకుంటుంది తప్ప ఆకులో పెట్టుకోదు. గుంటూరు మిరప ఎంత ఘాటైనదైనా దాని ఆకును తామరపురుగు హాయిగా పీల్చడానికి కారణం అదే.

అజాడిరాక్టిన్‌ను తయారు చేసే పనికి బ్రిటిష్ రసాయన శాస్త్రవేత్త స్టీవెన్ లే 1985లో లండన్‌లోని ఇంపీరియల్ కళాశాలలో పూనుకున్నాడు. 1992లో కేంబ్రిడ్జికి మారినప్పుడు పనినీ వెంట తీసుకెళ్లాడు. 2007లో పూర్తయింది. విద్యార్థులు వచ్చారు, పట్టాలు పుచ్చుకుని వెళ్లారు, వాళ్ల నోటుపుస్తకాల మీద తర్వాతి తరం పని చేసింది. అణువును రెండు సగాలుగా చూసి, ఒక్కో సగాన్నీ విడిగా కట్టుకొచ్చారు. ఆ రెండింటినీ కలిపే ఒక్క కర్బన బంధం దగ్గర ఏళ్లు గడిచాయి. రెండు సగాలూ ఆ చోట ఎంత కిక్కిరిసి ఉన్నాయంటే, సూటిగా కలిపే ఏ చర్యా సాగలేదు. చివరికి చుట్టుదారి పట్టారు. ముందు ఒక ఆక్సిజన్‌ను మధ్యవర్తిగా పెట్టి రెండు సగాలనూ వదులుగా ముడివేశారు. తర్వాత వేడి చేస్తే అణువు లోపలే పరమాణువులు చోటు మార్చుకుని, కావలసిన కర్బన బంధం ఏర్పడింది. 1912లో జర్మన్ రసాయన శాస్త్రవేత్త క్లైజెన్ కనుగొన్న చర్య అది. చివరి అంచెను సాధన చేయడానికి వేప గింజల నుంచి తీసిన సహజ అజాడిరాక్టిన్‌నే కొంతవరకు విడగొట్టి, దాన్ని తిరిగి కట్టి చూశారు. చెట్టు ఇచ్చిన సరుకు లేకుండా ఆ పని కూడా పూర్తి అయ్యేది కాదేమో.

మొత్తం 71 దశలు. చివరికి చేతికి వచ్చినది 0.00015 శాతం. అంటే పది లక్షల అణువులతో మొదలు పెడితే చివరికి మిగిలేది ఒకటిన్నర. ఇందులో ఎవరి అసమర్థతా లేదు. ఒక్కో దశలో నూటికి 90 వంతులు దక్కడం ఏ రసాయన శాస్త్రవేత్తకైనా సంతోషమే. కానీ ఒకదాని వెనుక ఒకటిగా 71 దశలు దాటితే ఆ లెక్కన మిగిలేది నూటికి 0.06 కన్నా తక్కువ. అదే సమయంలో ఒక కిలో ఎండు వేప పప్పులో 2 నుంచి 6 గ్రాముల అజాడిరాక్టిన్ ఉంటుంది. రోడ్డు పక్కన రాలిన గింజలను ఏరుకునే ఆడవాళ్ల ఒక్క గోనెసంచిలో ఉన్నంత అణువును ప్రపంచంలోని ల్యాబులన్నీ కలిసినా ఆ దారిలో తయారు చేయలేవు.

మరి 22 ఏళ్లు వృథానా? నేను అలా అనుకోను. దారి పొడవునా తయారైన అసంపూర్ణ ముక్కలను లండన్‌లోని క్యూ ఉద్యానవనం పరిశోధనశాలలో పురుగులకు పెట్టి చూశారు. అణువులో ఒక సగం ప్రధానంగా తిననివ్వని పని చేస్తుందనీ, రెండో సగం పెరుగుదలను దెబ్బతీసే పనికి కీలకమనీ సూచనలు దొరికాయి. గింజను ఎంత పిండినా ఈ సంగతి తెలియదు, ఎందుకంటే చెట్టు సగం సగం అణువులను కట్టి ఇవ్వదు. ఏ ముక్క ఏ పని చేస్తుందో తెలిస్తేనే మిగతాది వదిలేసి చిన్న అణువును కట్టడానికి దారి దొరుకుతుంది. ల్యాబులో సంశ్లేషణ చేయడానికి అసలు కారణం ఇదే.

చిన్న అణువుల దారి

కొన్ని మొక్కలు ఇంత చిక్కైన అణువుల జోలికి పోలేదు. నీటి ఒడ్డున పెరుగుతూ, ఆకు నమిలితే మిరియంలా మండే ఒక మొక్కలో పాలిగోడియల్ అనే పదార్థం ఉంది. 15 కర్బన పరమాణువులే. దీనికి దగ్గరి చుట్టమైన వార్బర్గనాల్‌ను 1976లో తూర్పు ఆఫ్రికా చెట్టు బెరడులో గుర్తించారు. ఇవి ల్యాబుల్లో పలు మార్గాల్లో తయారయ్యాయి. తయారు చేసి చూడబట్టే ఒక చక్కని సంగతి తెలిసింది: పాలిగోడియల్‌లో పక్కపక్కన ఉన్న రెండు ఆల్డిహైడ్ గుంపుల్లో (కర్బన, హైడ్రోజన్, ఆక్సిజన్ పరమాణువులు ఒక్కొక్కటి చేరిన చిన్న గుంపులు) ఒకదాన్ని మరో వైపుకు తిప్పితే మన నాలుక మీద మంట పోతుంది, పురుగును ఆపే శక్తి కూడా పడిపోతుంది. ఇంగ్లండ్‌లోని రోథామ్‌స్టెడ్ క్షేత్రంలో బార్లీ మీద దీన్ని చల్లి, పేనుబంక మోసుకొచ్చే వైరస్ తెగులును తగ్గించగలిగారు. అయినా ఇది రైతు చేతికి రాలేదు. ఎకరాలకు ఎకరాలు చల్లేంత చవగ్గా తయారు చేసే మార్గం దొరకలేదు.

మొక్క అణువు చూపిన బాటలో పూర్తి కృత్రిమ మందులు వచ్చిన చరిత్ర మనకు కొత్తది కాదు. చేమంతి జాతి పువ్వులోని పైరెత్రిన్లను చూసి 1949లో అల్లెత్రిన్, 1973లో పెర్మెత్రిన్ తయారయ్యాయి. పొగాకులోని నికోటిన్ పని చేసే చోటే పని చేసేవి ఇమిడాక్లోప్రిడ్ వంటి మందులు. ఇవన్నీ చంపేవి. మొక్క ఉపాయాన్ని తీసుకుని దానికి ఎండలో నిలిచే గుణాన్ని చేర్చారు. ఆ నిలిచే గుణమే తర్వాత తేనెటీగలకు, నీటికి, ఎగుమతి మిర్చిలో మిగిలే అవశేషాలకు సమస్య అయింది.

తినడాన్ని ఆపే కృత్రిమ మందులూ ఉన్నాయి. విజయవాడ చుట్టుపక్కల వరి రైతులకు పైమెట్రోజిన్ తెలుసు, సుడిదోమకు కొడతారు. అది మొక్క నుంచి వచ్చినది కాదు. దోమ నోటి సూదిని దుబ్బులోకి దించలేక పస్తుతో చస్తుంది. కొట్టిన మర్నాడు దోమ దుబ్బు మీదే కనిపించేసరికి మందు నకిలీదని దుకాణం మీదికి వెళ్లినవాళ్లు ఉన్నారు. నాలుగు రోజులు ఆగి చూడవలసిన మందు అది. అఫిడోపైరోపెన్ అనే మరో మందును ఒక బూజు తయారు చేసే అణువును తీసుకుని, ల్యాబులో కొద్దిగా మార్చి చేశారు. ఈ రెండూ పురుగు నాడీకణాల పొరలో ఉండే టీఆర్‌పీవీ అనే ఒక ప్రోటీన్ ద్వారాన్ని పట్టుకుంటాయని 2015లోనూ ఆ తర్వాతా జరిగిన పరిశోధనల్లో తేలింది. మిరపకాయ కొరికినప్పుడు మన నోట్లో మంట పుట్టించే ద్వారం కూడా ఆ కుటుంబానిదే. దాన్ని 1997లో కాప్సైసిన్ సాయంతోనే గుర్తించిన అమెరికా శాస్త్రవేత్త డేవిడ్ జూలియస్‌కు 2021లో నోబెల్ బహుమతి వచ్చింది. గుంటూరు మిర్చికీ, కృష్ణా డెల్టా వరిలో సుడిదోమ మందుకూ ఇంత దగ్గరి చుట్టరికం ఉందని తెలిసినప్పుడు నాకు కలిగిన ఆనందం ఇంతా అంతా కాదు.

ఒక్క అణువా, గుంపా

అచ్చమైన అణువు ఉంటే మంచిదే కదా అనిపిస్తుంది. 1995లో ఫెంగ్, ఐస్మన్ అనే పరిశోధకులు ఒక ప్రయోగ ఫలితాన్ని ప్రకటించారు. మిరప మీద కూడా వచ్చే పచ్చ పేనుబంకను రెండు గుంపులు చేసి, ఒకదానిపై అచ్చమైన అజాడిరాక్టిన్‌ను, మరోదానిపై వేప గింజల ముడి సారాన్ని 40 తరాల పాటు ప్రయోగించారు. అచ్చమైన అణువుకు అలవాటు పడిన గుంపు తొమ్మిది రెట్లు తట్టుకునే శక్తి సంపాదించింది. ముడి సారం గుంపు ఏ మాత్రం మారలేదు. తర్వాతి ఏడాది పొగాకు లద్దె పురుగు మీద కూడా ఇలాంటిదే చూశారు: అచ్చమైన అజాడిరాక్టిన్‌ను పదే పదే రుచి చూపితే పురుగు దానికి అలవాటు పడి తినడం మొదలు పెట్టింది, ముడి సారానికి మాత్రం అలవాటు పడలేదు. గింజలో సలన్నిన్, నింబిన్ వంటివి ఇంకా ఎన్నో ఉన్నాయి. విడిగా బలహీనమైన వీటన్నిటినీ ఒకేసారి దాటడం పురుగు వల్ల కాదు.

ఈ ఫలితాలను బట్టి నా అభిప్రాయం చెబుతాను. పొలంలో చల్లడానికి గింజ సారమే మేలు. ల్యాబు పని ఆ సారాన్ని అర్థం చేసుకోవడం, దాన్ని కాస్త ఎక్కువ కాలం నిలిచేలా చేయడం. సహజ అజాడిరాక్టిన్‌కు హైడ్రోజన్ చేర్చి ఎండకు కొంత ఎక్కువ తట్టుకునే డైహైడ్రో రూపాన్ని తయారు చేయడం అలాంటి పనే. బరువైన పనంతా చెట్టే చేసి పెడుతుంది, రసాయన శాస్త్రవేత్త చివరి దశ ఒక్కటి చేస్తాడు.

ఇప్పుడు మూడో దారి కూడా తెరుచుకుంటోంది. చెట్టు ఏ ఎంజైమ్‌లతో ఈ అణువులను కడుతుందో వెతికి, ఆ జన్యువులను వేరే మొక్కలో పెట్టడం. వేప జన్యుపటాన్ని 2012లో బెంగళూరు బృందం ప్రచురించింది. 2023లో అమెరికా, ఇంగ్లండ్ పరిశోధకులు బత్తాయి, తురకవేప చెట్ల నుంచి 22 ఎంజైమ్‌లను గుర్తించి, పొగాకు జాతికి చెందిన ఒక చిన్న మొక్క ఆకుల్లో వాటిని పని చేయించి, వేపలో కూడా ఉండే అజాడిరోన్ దాకా వెళ్లగలిగారు. అజాడిరోన్ నుంచి అజాడిరాక్టిన్‌కు ఇంకా చాలా దశలు ఉన్నాయి. పొగాకు బోర్డు కార్యాలయం ఉన్న గుంటూరుకు, పొగాకు సాగు తగ్గించుకొమ్మని దశాబ్దాలుగా వింటున్న ఇక్కడి రైతుకు, ఈ పరిశోధన మీద ఒక కన్ను వేసి ఉంచడానికి కారణం ఉంది.

సీసా మీది అంకె, ట్యాంకులోని అంకె

దుకాణంలో వేప మందు అడిగితే 300, 1500, 10000 పీపీఎం అని రకరకాలుగా చూపిస్తారు. పీపీఎం అంటే పది లక్షల వంతులకు ఎన్ని వంతులు అని. 10000 పీపీఎం అంటే ఒక శాతం. సీసా మీది ఆ అంకె ట్యాంకులోకి వెళ్లాక మిగలదు. 10000 పీపీఎం మందును లీటరుకు 2 మిల్లీలీటర్లు కలిపితే నీటిలో ఉండేది 20 పీపీఎం. 1500 మందును 5 మిల్లీలీటర్లు కలిపితే 7.5. 300 మందును అదే 5 మిల్లీలీటర్లు కలిపితే 1.5 మాత్రమే. ధర పోల్చవలసింది ఈ చివరి అంకెతో. సీసాలో ఎన్ని మిల్లీలీటర్లు ఉన్నాయో చూసి చవక, ఖరీదు అనుకుంటే మోసపోతాం.

ఇప్పుడు ఇంట్లో చేసే కషాయం లెక్క చూడండి. 5 కిలోల వేప పప్పు పొడిని గుడ్డలో మూట కట్టి రాత్రంతా నీళ్లలో నానబెట్టి, ఉదయం పిండి, వడపోసి, సబ్బు పొడి కలిపి 100 లీటర్లకు పెంచుతారు. లీటరుకు 50 గ్రాముల పప్పు. కిలోకు 2 నుంచి 6 గ్రాముల అజాడిరాక్టిన్ లెక్కన అంతా నీటిలోకి దిగితే 100 నుంచి 300 పీపీఎం. సగమే దిగినా 50కి తగ్గదు. సీసా మందు కన్నా ఎక్కువే. అయితే ఈ లెక్క గింజ బాగుంటేనే. వేసవి చివర రాలిన పళ్లను వెంటనే గుజ్జు తీసి, నీడన ఆరబెట్టి, గాలి ఆడే సంచిలో ఉంచిన గింజకు, వానలో తడిసి బూజు పట్టిన గింజకు పోలికే లేదు. ఆకులతో చేసే కషాయాలకు కూడా ఈ లెక్క వర్తించదు. అజాడిరాక్టిన్ ప్రధానంగా గింజలో ఉంటుంది, ఆకులో ఉండేది చాలా తక్కువ.

ఘాటు వాసనను నమ్మకండి. వేప నూనె వాసన అందులోని గంధకం కలిసిన ఆవిరి పదార్థాలది. నూనె నుంచి అజాడిరాక్టిన్‌ను విడిగా తీసేసి అమ్ముకున్నాక మిగిలిన నూనె కూడా అలాగే కంపు కొడుతుంది. సీసా మీద అజాడిరాక్టిన్ శాతం, నమోదు సంఖ్య, తయారీ తేదీ లేకపోతే అది ఒట్టి నూనె అనే అనుకోవాలి. ‘బయో’ అన్న ఒక్క మాట రాసి, లోపల రసాయన పురుగుమందు కలిపి అమ్మే సరుకు మన ప్రాంతంలో చాలా తిరిగింది. కొట్టిన గంటలోనే పురుగులన్నీ రాలిపోయాయంటే సంతోషించే ముందు అనుమానించాలి. వేప అలా పని చేయదు.

నీరు కూడా చూసుకోవాలి. అజాడిరాక్టిన్ క్షారంలో నిలవదు. చవుడు బోరు నీళ్లలో మందు కలిపి మధ్యాహ్నం దాకా ఉంచితే కొట్టేది సగం పోయిన మందు. కాలువ నీరో వాన నీరో మేలు. లేదంటే కలిపిన వెంటనే కొట్టాలి. ఎండలోని అతినీలలోహిత కిరణాలు ఈ అణువును కొద్ది రోజుల్లోనే విడగొడతాయి. అందుకే సాయంత్రం పూట కొట్టమనడం, వారం పది రోజులకు మళ్లీ కొట్టమనడం. ఎగుమతి మిర్చిలో అవశేషాలు మిగలకపోవడానికి కూడా ఈ త్వరగా విడిపోయే గుణమే కారణం.

అన్నిటికన్నా ముఖ్యం సమయం. నారుమడిలో, నాటిన తొలి వారాల్లో, పురుగు ఒకటీ రెండూ కనిపిస్తున్నప్పుడు వేప మందు పంటను కాస్తుంది. పై ముడత వచ్చి చిగుళ్లు ముడుచుకుపోయాక, పువ్వుకు పదేసి పురుగులు చేరాక, తిననివ్వని మందుకు చేయగలిగిన పని చాలా తక్కువ. నల్ల తామరపురుగు విరుచుకుపడిన ఏడాదిలో ఎందరో వేప మందును ఆ దశలో, అన్ని మందులూ అయిపోయాక కొట్టారు.